తోలు పదును

మన భాషలో కుక్క కరుస్తుంది, పాము కరుస్తుంది, వాటితోపాటు కొత్త చెప్పు కూడా కరుస్తుంది. డబ్బిచ్చి కొనుక్కున్నది, మన కాలి కొలతకే కుట్టించుకున్నది, మొదటిరోజే మన మడమ మీద పళ్ళు దించడం ఏం న్యాయమని అడగబోయేలోపల ఇంట్లో పెద్దావిడ ఆముదం గిన్నె తెచ్చి ముందు పెడుతుంది. తోలు సంగతి తెలిసినవారి పద్ధతి అది. కరిచినదాన్ని కొట్టరు, తలంటుతారు.

కడప జిల్లా చక్రాయపేట ప్రాంతం చూసినవారికి చెప్పు విలువ వేరే చెప్పనక్కరలేదు. పాపఘ్ని నది కొండలను చీల్చుకుని పోయే గండి క్షేత్రం ఈ మండలంలోనే ఉన్నది. చుట్టూ గుట్టలు, ఎర్రనేల, గులకరాళ్ళు, తుమ్మముళ్ళు, పల్లేరుకాయలు. ఇక్కడి చెప్పు రాతికీ ముల్లుకూ తట్టుకోవాలి. అదే జమ్మలమడుగు వైపు నల్లరేగడిలోకి పోతే వానాకాలం చెప్పుల కింద మన్ను అంటుకుని అడుగుకు ఒక శేరు బరువు పెరుగుతుంది. అక్కడి రైతు వాన పడగానే చెప్పులు విడిచి చేత్తో పట్టుకుంటాడు. ఒక జిల్లాలోనే, నలభై యాభై మైళ్ళ దూరంలో, చెప్పుల నడవడి ఇట్లా మారిపోతుంది.

ఈ నేల మీద వెనకటి తరం తొడిగినవి కిర్రు చెప్పులు. మందమైన అట్టలు రెండు మూడు ఒకదాని మీద ఒకటి పేర్చి తోలు వారుతోనే కుట్టి, బొటనవేలికి ఉంగటం, పాదం మీద అడ్డపట్టె పెట్టేవారు. నడుస్తుంటే అట్టలు ఒకదానితో ఒకటి ఒరుసుకుని కిర్రుకిర్రుమనేవి. కొందరు ఆ చప్పుడు కావాలనే అడిగి కుట్టించుకునేవారు. మా అబ్బ వీధి మలుపు తిరగకముందే ఆయన చెప్పులు ఇల్లు చేరేవి. ఆ కిర్రు విని మా జేజి పొయ్యి మీద కూర దించేది. ఆ చప్పుడు సంగతి మళ్ళీ చెబుతాను. దానికి ఇంకొక ముఖం కూడా ఉన్నది.

తెలుగు పాఠాలు చెప్పి బతికేవాణ్ణి గనుక దారిలో ఒక మాట ఎదురైతే ఆగకుండా పోలేను. వాన కురిసి నేల దుక్కికి అనువుగా నానితే రైతు ‘పదునైంది’ అంటాడు. బురదైతే పదును కాదు, పైపైన తడిసినా పదును కాదు. కుమ్మరి మట్టికి పదును చూస్తాడు. కత్తికి పదును పెడతాం. పచ్చితోలును వాడకానికి తేవడాన్నీ మనవాళ్ళు ‘పదును చేయడం’ అనే అన్నారు. నేల తడికి, మట్టి జిగటకు, ఇనుము అంచుకు, తోలు మెత్తదనానికి ఒకే మాట ఎట్లా సరిపోయిందని మొదట ఆశ్చర్యం వేస్తుంది. కాస్త ఆలోచిస్తే అన్నింటిలోనూ ఉన్నది ‘తగినంత’ అన్న భావమేనని తెలుస్తుంది. తోలు పనిలో రహస్యమంతా ఆ తగినంతలోనే ఉన్నది. నీరు తగినంత, నూనె తగినంత, అన్నిటికంటె ముఖ్యంగా కాలం తగినంత.

కొత్త చెప్పు ఎందుకు కరుస్తుందో తెలియాలంటే అది ఎట్లా పుట్టిందో చూడాలి. పచ్చితోలును మొదట సున్నపునీటిలో ఊరబెడతారు, వెంట్రుకలు వదులుతాయి. లోపలి మాంసపు పొరను కత్తితో గీకి, సున్నం పోయేదాకా కడుగుతారు. ఆ తర్వాత తంగేడు పట్ట దంచి నానేసిన లందలోకి దించుతారు. మన చేల గట్ల మీద పసుపు పూలతో నవ్వే తంగేడే అది. పూలు బతుకమ్మకు, పట్ట తోలుకు. తోలును సంచిలాగా కుట్టి, లోపల పట్ట నింపి, కొమ్మకు వేలాడదీసి నీళ్ళు పోస్తూ ఉండటం పల్లెల్లో మరొక పద్ధతి. ఆ పట్టలోని వగరు తోలు పోగుల్లోకి ఇంకి వాటిని కుళ్ళకుండా కట్టిపడేస్తుంది. పచ్చి మామిడిపిందె కొరికితే నాలుక బిగుసుకుంటుందే, తోలుకూ జరిగేది అదే. ఆ మీదట కరక్కాయ నీళ్ళు, చివరకు కానుగనూనె గానీ నువ్వుల నూనె గానీ. ఇదంతా రోజుల పని కాదు, వారాల పని. ఇట్లా తంగేడు పట్టతో పదునైన మద్రాసు రాష్ట్రపు తోళ్ళు ‘ఈస్టిండియా తోళ్ళు’ అన్న పేరుతో లండను బజారుకు ఎక్కాయంటే, మన గట్టు మీది పొద ఎంత దూరం ప్రయాణం చేసిందో చూడండి.

తోలు అంటే అల్లిబిల్లిగా అల్లుకున్న సన్నని పోగుల కట్ట. పోగుకూ పోగుకూ మధ్య నూనె ఉంటే అవి జారుతూ వంగుతాయి. ఎండితే ఒకదానికొకటి అంటుకుని, వంచబోతే విరుగుతాయి. కొత్త తోలులో పోగులు ఇంకా ఎవరి వంపుకూ అలవాటు పడి ఉండవు. కాలి వేడి, చెమట తడి, నడక వంపు, ఈ మూడూ కలిసి వాటిని మెల్లగా సర్దుతాయి. అందుకే ఒకరి పాత చెప్పు మరొకరి కాలికి కొత్త చెప్పే. అన్నదమ్ములైనా సరే, మారిస్తే కరుస్తుంది.

మా చిన్నతనంలో పల్లెలో చెప్పులు కుట్టే పెద్దాయన ఒకరుండేవారు. కొత్త జత చేతికిస్తూ ఆయన చెప్పే పద్ధతి ఇది. మొదటి రాత్రి చెప్పులను తడిగుడ్డలో చుట్టిపెట్టాలి. నీళ్ళలో ముంచి నానేయకూడదు. తెల్లవారి తడి ఇంకా ఉండగానే తొడుక్కుని ఇంట్లోనే పచారు చెయ్యాలి. బెరడుతో పదునైన తోలు తడిమీద ఏ ఆకారం ఇస్తే ఆ ఆకారం పట్టుకుని ఆరుతుంది. ఆరేటప్పుడు నీడలోనే ఆరాలి. ఆ తర్వాత నులివెచ్చని ఆముదం గుడ్డపేలికతో అద్ది, ఉంగటానికి, పట్టె అంచులకు, మడమ ఆనేచోటికి ఎక్కువగా, తక్కినచోట పలచగా రుద్దాలి. అట్టడుగుకు కూడా పూయాలి. అందరూ మరిచేది దాన్నే.

“రేత్రికి పూసి పెట్టు అబ్బీ, పొద్దునకు తాగేసింటాది. తాగకుండా పైన నిలిచిందంటే ఎక్కువ పోసినావని గుర్తు,” అనేవారు ఆయన. ఇంతకంటె మంచి కొలత ఏ సీసా మీదా అచ్చువేసి నేను చూడలేదు.

మొదటి రోజు పావుగంట నడక. మర్నాడు అరగంట. వారం తర్వాత చేను దాకా. మళ్ళీ ఆముదం. మూడు వారాలకు పాదం ముద్ర అట్ట మీద గుంటగా పడుతుంది, వేళ్ళు ఐదూ వేరువేరుగా. అప్పటికి కిర్రు కూడా గొంతు మార్చుకుని సన్నబడుతుంది. ఇక ఆ చెప్పు ఎన్నేళ్ళు మన్నుతుందన్నది తర్వాతి సంరక్షణను బట్టి ఉంటుంది. కరవకుండా మాత్రం ఉంటుంది.

ఆముదమే ఎందుకన్న ప్రశ్న సహజం. నూనెల్లో ఆరిపోయేవి, ఆరనివి అని రెండు జాతులు. అవిసెనూనె గాలికి గట్టిపడి వార్నీషు అవుతుంది. రంగులు కలపడానికి పనికివస్తుంది గానీ తోలుకు శత్రువు. శెనక్కాయల నూనె కొన్నాళ్ళకు జిగటై మక్కువాసన వేస్తుంది, దుమ్మును పట్టుకుంటుంది. కొబ్బరినూనె చలికి పేరుకుంటుంది, మచ్చలు తేలుస్తుంది. ఆముదం గాలికి గట్టిపడదు, చిక్కదనం వల్ల తొందరగా కారిపోదు. అది ఇంటింటా ఉండేది కూడా. ఈనాటి తోలు కర్మాగారాల్లో సైతం ఆముదాన్ని గంధకామ్లంతో మార్చి, నీటిలో కలిసేట్టు చేసి వాడతారు. దానికి వ్యాపారంలో ‘టర్కీ రెడ్ ఆయిల్’ అని పేరు. మన జేజి గిన్నెలోదే, కాస్త ఇంగ్లీషు చదువుకున్నదన్నమాట.

చెప్పుల కంటె పెద్ద ఆముదం ఖర్చు కపిలకు ఉండేది. కరెంటు మోటార్లు రాకముందు రాయలసీమ బావుల మీద ఎద్దులతో నీళ్ళు తోడింది కపిల బానే. దాని తొండం తోలు. రోజంతా నీళ్ళలో మునిగి లేచే ఆ తోలును ఎండకు వదిలేస్తే పెళుసై పగులుతుంది. నిత్యం నానితే కుళ్ళుతుంది. నూనె పట్టించడం, నీడన పెట్టడం, చిరిగినచోట మాసికె వేయించడం వ్యవసాయంలో ఒక భాగంగా ఉండేదని మా నాయన చెబుతారు. తొండం చిరిగిందంటే ఆ పూట పైరుకు నీళ్ళు లేనట్టే. కుట్టేవాడు రావాలి, అప్పటికప్పుడు రావాలి. మద్రాసు ఆర్ట్స్ స్కూలు అధ్యక్షుడు ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ 1903లో అక్కడ క్రోమ్ పద్ధతిని ప్రవేశపెట్టినప్పుడు ఆయన కన్ను పడిన వస్తువుల్లో ఈ నీళ్ళు తోడే తోలు బానలు కూడా ఉన్నాయి. క్రోమ్ తోలు నీటికి ఎక్కువకాలం నిలుస్తుందని ఆశ.

వేడి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. చాలామంది తడిసిన చెప్పులను పొయ్యి దగ్గర పెడతారు. డప్పును మంట దగ్గర కాచడం చూసి ఆ ఆలోచన వచ్చిందేమో! డప్పు మీది తోలు బెరడు పట్టింది కాదు, పచ్చిది. సెగ తగిలితే తేమ పోయి బిగుసుకుని ఖంగుమంటుంది. డప్పుకు కావలసింది బిగువు, చెప్పుకు కావలసింది మెత్తదనం. తడిగా ఉన్న పచ్చితోలు 65 డిగ్రీల లోపలే ముడుచుకుపోతుంది. బెరడుతో పదునైనది 75, 85 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. మంచి క్రోమ్ తోలు మరిగే నీళ్ళకు కూడా లొంగదు. పొయ్యి గడ్డకు ఆనించిన తడిచెప్పు ఒకసారి ముడుచుకున్నదా, ఇక ఎంత ఆముదం తాగించినా వెనక్కు రాదు.

ఇంత తెలిసినవాళ్ళకు ఊళ్ళో దక్కింది ఏమిటి? ఏడాది పొడుగునా రైతుకు చెప్పులు, తొండాలు, వారులు, కొరడాలు చేసి ఇస్తే పంటనాడు కల్లం దగ్గర మేర గింజలు కొలిచేవారు. గింజలు తగ్గినా మాట్లాడే వీలులేదు. ఆ పెద్దాయనను ఊళ్ళో పసిపిల్లలు సైతం ఏకవచనంలోనే పిలిచేవారు. అన్నిటినీ మించిన విడ్డూరం చెప్పుల విషయమే. ఊరందరి కాళ్ళకు కిర్రు చెప్పులు కుట్టిన మనిషి పైవీధిలోకి వచ్చేసరికి తన చెప్పులు తీసి చేత పట్టుకోవాలి. ఆ వీధిలో కిర్రుమనే హక్కు ఆయన కుట్టిన చెప్పుకు ఉన్నది, ఆయన కాలికి లేదు! 1950లో రాజ్యాంగం అస్పృశ్యతను రద్దు చేసింది. 1955లో దాన్ని నేరంగా ఎంచే చట్టం వచ్చింది. కాళ్ళు ఆ సంగతి తెలుసుకోవడానికి చాలా పల్లెల్లో ఇంకా చాలా ఏళ్ళు పట్టింది.

మన పెళ్ళిళ్ళలో పురోహితుడు వధూవరులను బయటికి తీసుకువచ్చి అరుంధతీ నక్షత్రం చూపిస్తాడు గదా. ఆ అరుంధతి తమ ఇంటి ఆడబిడ్డ అని మాదిగలు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. అరుంధతీయులన్న పేరు అందులోనుంచి వచ్చిందే. పెళ్ళిరాత్రి తలెత్తి ఆ చుక్కను వెతికేవాళ్ళలో ఎందరికి ఈ సంగతి తెలుసునో. తిరుమలకు నడిచి వెళ్ళేవారు అలిపిరి దగ్గర పాదాల మండపంలో స్వామి పాదరక్షలను నెత్తిన పెట్టుకుని ప్రదక్షిణం చేస్తారు. దేవుని కడపను తిరుమలకు తొలి గడప అంటారు, ఆ గడపే కడప అయిందనీ అంటారు. చెప్పులు విడిచేది గడప దగ్గరే. అలిపిరిలో నెత్తికెక్కిన వస్తువును చేసే చేతులను మాత్రం ఊరి గడప బయటే నిలబెట్టాం.

తోలు పనిని చదువుగా, శాస్త్రంగా తలెత్తుకునేట్టు చేసినవాడు మన తెలుగువాడే. తెనాలి దగ్గర యలవర్రులో 1922లో ఒక రైతు కుటుంబంలో పుట్టిన యలవర్తి నాయుడమ్మ. అమెరికాలో లీహై విశ్వవిద్యాలయంలో డాక్టరేటు చేసి వచ్చి, మద్రాసు అడయారులో 1948లో వెలసిన కేంద్ర తోలు పరిశోధనా సంస్థకు 1958 నుంచి 1971 వరకు అధిపతిగా ఉన్నారు. పల్లెల్లో తోలు పనివాళ్ళను వదిలి పరిశోధన ఏమిటన్నది ఆయన పట్టుదల. 1985 జూన్ 23న ఐర్లండు తీరం దగ్గర పేలిపోయిన కనిష్క విమానంలో ఆయన కూడా ఉన్నారు.

ఇక ఈ కాలపు కొత్త తోలుకు వద్దాం. మా మేనల్లుడు కువైట్‌లో పని చేస్తాడు. అక్కడ చలికాలం రాత్రుళ్ళు మోటారు సైకిలు మీద తిరిగే ఉద్యోగం. పోయినసారి సెలవుకు వస్తూ ఒక తోలు జాకెట్టు తెచ్చుకున్నాడు. మా ఇంట్లో జాకెట్టు అంటే రవిక. “తోలుతో జాకెట్టేందిరా?” అని మా అమ్మ నోరు వెళ్ళబెట్టింది. కనుక నేను తోలుకోటు అనే అంటాను.

ఈ కోటుకూ మన ఆముదానికీ పాత చుట్టరికం ఉన్నది. 1914–18 యుద్ధంలో పైన కప్పులేని విమానాలు నడిపినవారు చలిగాలికి తట్టుకోవడానికి తోలుకోట్లు తొడిగారు. గిర్రున తిరిగే ఆనాటి రోటరీ ఇంజన్లకు కందెన ఆముదమే. ఇంజను విసిరిన ఆముదం తుంపర్లు వెనక కూర్చున్నవాడి మొహం మీద, కోటు మీద పడేవి. ఎవరూ అడక్కుండానే కోట్లకు అభ్యంగనం జరిగిపోయేదన్నమాట. 1928లో న్యూయార్కులో ఇర్వింగ్ షాట్ జిప్పు పెట్టిన మోటారు సైకిలు కోటు తయారుచేశాడు. 1953లో మార్లన్ బ్రాండో సినిమాలో తొడిగాక కుర్రకారు ఒంటికి అది అంటుకుపోయింది.

మా వాడు చేసిన పని ఏమిటంటే, కోటు బిగుతుగా ఉందని దానికి కొబ్బరినూనె దట్టించి మిద్దె మీద ఎండలో ఆరవేశాడు. మన జిల్లా వేసవి ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. సాయంత్రానికి కోటు మచ్చలతో, చేతులు చాచి, ఎవరో తొడుక్కుని నిలబడ్డట్టు తయారైంది.

కోట్లు చాలావరకు క్రోమ్ తోలువి. పలచన, మెత్తన, పదునులోనే నూనె పట్టించి వస్తాయి. కనుక కిర్రు చెప్పుకు చేసిన వైద్యం దీనికి అక్కరలేదు. తడిపి సర్దడమూ వద్దు. కొనేటప్పుడే భుజాలు సరిగ్గా కుదరాలి; భుజం కుట్టు తర్వాత సాగదు. ఒంటికి కొంచెం హత్తుకుని ఉన్నా నష్టం లేదు, వాడగా వదులవుతుంది. చేతులు మాత్రం అరంగుళం పొడవుండాలి. మోచేతి దగ్గర ముడతలు పడ్డాక కురచవుతాయి. ఆ ముడతలు పడటానికి రోజూ గంటో రెండు గంటలో ఇంట్లో తొడుక్కుని చేతులు ముడుస్తూ చాస్తూ పనులు చేసుకోవడమే దారి. పేపరు చదవండి, పిల్లలకు లెక్కలు చెప్పండి. మన ఊళ్ళో ఈ తపస్సు పుష్యమాసంలో అయితే సులువు.

ఏడాదికి ఒకటి రెండుసార్లు తోలు కోసమే చేసిన మైనం, నూనె కలిపిన లేపనం చాలు. ముందు లోపలి అంచున ఒకచోట రాసి, రంగు మారుతుందేమో చూసి, తర్వాత మెత్తటి గుడ్డతో పలచగా రాసి రాత్రంతా వదిలి, మిగిలింది తుడిచేయాలి. లోపలివైపు నూగు పైకి కనబడే స్వెడ్ రకానికి ఏ నూనే తగలకూడదు. వానకు తడిస్తే పొడిగుడ్డతో అద్ది గాలికి వేలాడదీయాలి. సన్న కడ్డీ హ్యాంగరుకు తగిలిస్తే భుజాల మీద కొమ్ములు వస్తాయి. వెడల్పైన కర్రది కావాలి. ప్లాస్టిక్కు సంచిలో మూసిపెడితే శ్రావణంలో బూజు పడుతుంది. పాత నూలు దుప్పటి కప్పితే చాలు. బూజు కనబడితే ఆరుబయట నీడలో తుడవండి, బీరువా ముందు దులపవద్దు.

శ్రావణం అన్నాను గనుక ఇంకొక మాట. ఆ నెల శనివారాల్లో గండి వీరాంజనేయ స్వామి దగ్గరికి జనం విరగబడతారు. పదును కుదిరిన మంచి తోలు చెప్పులు వేసుకుపోయేవారు విడిచిన చోటు గుర్తుపెట్టుకోండి. మూడు వారాలు మీరు పడిన పాటు మరొకరి పాదాన పోతుంది. వాడినీ మళ్ళీ కరుస్తుందనుకోండి, అది వేరే సంగతి.

మా వాడి కోటును పొడిగుడ్డతో పదే పదే తుడిచి, పదిరోజులు నీడలో ఉంచి, లేపనం రెండు దఫాలు పలచగా ఎక్కించాక చేతులు కిందికి దిగాయి. మచ్చల్లో రెండు అట్లాగే ఉన్నాయి. తిరుగు ప్రయాణానికి మా అమ్మ వాడి పెట్టెలో శెనక్కాయల ఉండలతోపాటు చిన్న సీసాలో ఆముదం పెట్టింది. చెప్పులకే, కోటుకు కాదని నేను చీటీ రాసి అంటించాను.